చెప్పిన కారణం, చేసిన పని

గజపతినగరం తాలూకా ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోది. 1897కు సుమారు పదేళ్ళ ముందు విజయనగరం మహారాజు ఆనందగజపతి ఆ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల శుల్క వివాహాలకు జాబితా తయారు చేయించాడు. 1034 తేలాయి. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడం సంబంధీకులకు ఇష్టముండదు కనుక జాబితా సమగ్రం కాదని గురజాడ ‘కన్యాశుల్కం’ పీఠికలో రాశాడు.

ఒప్పుకోనివారంతా అబద్ధమాడారా? కొందరు ఆడి ఉంటారు. చాలామంది తండ్రులకు ఆ అమ్మకం ధర్మంగానే తోచి ఉంటుంది. తన ఆలోచనను నడిపే అసలు ప్రేరణ మనిషికే తెలియదని ఎంగెల్స్ 1893లో మెహ్రింగ్‌కు రాశాడు. జాబితాలో ఏడాది పసికందులు ముగ్గురున్నారు. ధర 350 నుంచి 400 రూపాయలు. అంత తొందర శాస్త్రం అడగలేదు, రూపాయి అడిగింది.

మనుషులు చెప్పుకున్న కారణం చరిత్రకు సాక్ష్యమే కాని తీర్పు కాదు. కట్నాన్ని కానుక అంటున్న మనకూ ఇదే కొలత.