ఒక ప్రోటీన్ కథలో ఒమన్ పాలు

కాలేయాన్ని తినేసే హెపటైటిస్-బి కోసం మా లేబొరేటరీలో రక్తపరీక్ష చేసినప్పుడు మేము వెతికేది ఆ వైరస్ పైపొరలోని ఒక ప్రోటీన్‌ను. దాన్ని పట్టి ఇచ్చేవి మోనోక్లోనల్ యాంటీబాడీలు. ఒకే కణం సంతతి నుంచి పుట్టినవి కనుక అన్నీ అచ్చు గుద్దినట్టుంటాయి. ఆ ప్రోటీన్‌లో ఒకే చోట అతుక్కుంటాయి. 1975లో కేంబ్రిడ్జిలో ఈ పద్ధతి కనిపెట్టిన కోలర్, మిల్‌స్టీన్‌లకు 1984లో నోబెల్ బహుమతి వచ్చింది.

అదే ప్రోటీన్‌ను ఈస్ట్ కణాల్లో తయారుచేసి, హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో చౌకగా టీకా తెచ్చింది. 1993లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డిగారు తల్లి పేరిట స్థాపించిన ఆ సంస్థను పెట్టుబడితో ఆదుకున్నది అప్పటి ఒమన్ మంత్రి యూసుఫ్ బిన్ అలావి. మనం ఈ గడ్డ ఉప్పు తింటున్నాం. ఈ గడ్డ సొమ్ము మన ఊళ్ళ పసిపాపలకు టీకా అయింది.