ఆసుపత్రి దారిలో మన సంఘం

పల్లెలో ఎవరికైనా జబ్బు చేస్తే మొదటి ప్రశ్న డబ్బు ఎక్కడిదని, రెండోది బండి ఎవరిదని. పొదుపు సంఘాలు రాకముందు ఈ రెండింటికీ వడ్డీ వ్యాపారి గడపే మనకు దిక్కు. 1990ల్లో డ్వాక్రా సంఘాలు ఊపందుకున్నాక, పుస్తెలు తాకట్టు పెట్టకుండానే సంఘం అప్పుతో ఆసుపత్రికి వెళ్లగలిగాం.

2005లో ఆశా కార్యకర్తల పథకం వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 15న 108 మొదలైంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, తర్వాత రాష్ట్రమంతా వచ్చింది. గుండె ఆపరేషన్‌కు పొలం అమ్ముకునే గతి చాలా ఇళ్లకు తప్పింది.

అయినా దారి పూర్తి కాలేదు. రోడ్డు లేని ఏజెన్సీ గూడేల్లో గర్భిణులను ఇంకా డోలీలో మోస్తున్నారు. బీపీ, షుగర్ మాత్రల ఖర్చు నెలనెలా ఉండేదే. కూలి పోతుందని పరీక్షలు వాయిదా వేసుకునేదీ మనమే.

పంచసూత్రాలు దశసూత్రాలయ్యాక ఆరోగ్యం కూడా సంఘం పనే. అందుకే సమావేశంలో అప్పుల లెక్క అయ్యాక అడుగుదాం: ఈ నెల ఆసుపత్రికి వెళ్లలేకపోయింది ఎవరు, ఎందుకు? జవాబు మినిట్స్ పుస్తకంలో రాద్దాం. రేపు మండల సమాఖ్య తరఫున పీహెచ్‌సీలో అడిగేటప్పుడు ఆ కాగితమే మన బలం.