తిన్నది ఒంటికి పట్టట్లేదా? క్లోమం ఎంజైముల లోపం కావచ్చు

కడుపునిండా తింటున్నా బరువు తగ్గుతున్నారా? విరేచనం జిడ్డుగా, బాగా కంపు కొడుతూ, నీళ్లు పోసినా పోకుండా తేలుతోందా? క్యాంపుల్లో మనం దీన్ని గ్యాస్ మాత్రలతో నెట్టుకొస్తాం. అది తప్పు. కొవ్వును అరిగించే ఎంజైములు క్లోమం, అంటే ప్యాంక్రియాస్, నుంచి చాలినన్ని రాకపోతే ఇలా అవుతుంది. ఏళ్ల తరబడి తాగుడు ఒక పెద్ద కారణం, తాగనివాళ్లకూ వస్తుంది. మలంలో ఎలాస్టేజ్ పరీక్ష చేయించుకోండి.

మందు ప్యాంక్రియాటిన్ క్యాప్సూల్. పరగడుపున వేసుకుంటే దండగే, అన్నంతో పాటే నమలకుండా మింగాలి. పెద్దవాళ్లకు భోజనానికి సాధారణంగా 25,000 నుంచి 50,000 లైపేజ్ యూనిట్లతో మొదలుపెడతారు. సాయంత్రం సమోసా తిన్నా అందులో సగం కావాలి. ఎంత అన్నది డాక్టరే చెప్పాలి.

ఇది పంది క్లోమం నుంచి తీసే మందు. ముస్లిం సోదరులు ముందే డాక్టరుతో మాట్లాడుకోండి. వేడికి ఎంజైములు చచ్చిపోతాయి, ఎండలో ఆపిన బండిలో మాత్రం డబ్బా వదలకండి.