క్షణకాంతి వెల: రాత్రి ఛాయాచిత్రణలో ఫ్లాష్ పరిణామం

చీకట్లో కదిలే వస్తువును చిత్రంలో కదలకుండా నిలపాలంటే కెమెరా షట్టర్ ఎంత వేగంగా మూసుకుంటుందన్న దానికంటే, ఆ వస్తువు మీద పడిన వెలుగు ఎంతసేపు నిలిచిందన్నదే ముఖ్యమని 19వ శతాబ్దపు మధ్యకాలానికే తేలిపోయింది. 1851లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ ‘ది టైమ్స్’ పత్రిక పుటనొకదాన్ని వేగంగా తిరిగే చక్రానికి అమర్చి, విద్యుదావేశాన్ని నిల్వచేసే గాజుపాత్రలైన లేడెన్ జాడీల నుంచి ఒక్క రవ్వను పుట్టించి, ఆ రవ్వ వెలుగులోనే అచ్చక్షరాలు చదవడానికి వీలయ్యేంత స్పష్టమైన చిత్రాన్ని సాధించాడు. సూత్రం ఇంత తొందరగా దొరికినా అది సామాన్య ఛాయాగ్రాహకుడి చేతికి అందడానికి నూరేళ్లకు పైగా పట్టింది. ఆ ఆలస్యానికి వెల, బరువు, అపాయం అనే మూడూ కారణాలు. రాత్రివేళ కదలికను పట్టే ఛాయాచిత్రణ చరిత్ర చాలావరకు ఈ మూడింటినీ తగ్గించుకుంటూ వచ్చిన చరిత్రే.

ప్రయోగశాల వెలుపల మొదట వాడుకకు వచ్చినది మెగ్నీషియం. 1860లలో ఆ లోహపు తీగను మండించి చిత్రాలు తీశారు గాని, అది నెమ్మదిగా కాలేది కనుక నిశ్చలమైన వాటికే పనికివచ్చింది. 1887లో జర్మనీలో అడాల్ఫ్ మీతే, యోహానెస్ గేడికే మెగ్నీషియం పొడికి పొటాషియం క్లోరేటును, ఆంటిమనీ సల్ఫైడును కలిపి, భగ్గున మండి ఆరిపోయే ఫ్లాష్ పొడిని తయారుచేశారు. న్యూయార్కు మురికివాడల చీకటి గదులను జేకబ్ రీస్ లోకానికి చూపగలిగింది ఆ పొడి వల్లనే. దానివల్ల తాను చిత్రిస్తున్న చోటనే నిప్పంటుకున్న సందర్భాలూ ఆయనకు ఎదురయ్యాయి. కదలికను పట్టే పనిలో జార్జ్ షైరస్ ఇంకా ముందుకు వెళ్లాడు. మిషిగన్‌లోని వైట్‌ఫిష్ సరస్సు మీద రాత్రిపూట పడవలో తిరుగుతూ, జంతువు తగలగానే ఫ్లాష్‌ను పేల్చే తీగలను ఒడ్డున కడుతూ ఆయన తీసిన వన్యమృగాల చిత్రాలు 74 దాకా 1906 జూలై ‘నేషనల్ జియోగ్రాఫిక్’ సంచికలో వచ్చాయి. అయినా పొడి మండే కాలం పరుగెత్తే జింక కాళ్లను స్పష్టంగా చూపేటంత తక్కువ కాదు. పైగా ప్రతి చిత్రానికీ ఒక పేలుడు, దాని వెంట దట్టమైన పొగ తప్పేవి కావు.

1929లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన ఫ్లాష్ బల్బు, అంటే ఆక్సిజన్ నింపిన గాజుబుడ్డిలో అల్యూమినియం రేకును మండించే సాధనం, పొగనూ అపాయాన్నీ చాలావరకు తొలగించింది. పత్రికా ఛాయాగ్రాహకులు దాన్ని వెంటనే అందుకున్నారు. కాని ఒక బల్బు ఒక్క చిత్రానికే పనికివచ్చేది. ఆటల పోటీలో వంద చిత్రాలు తీయాలనుకునేవాడు వంద బల్బులు కొని మోయాలి.

ఈ చిక్కుకు పరిష్కారం ఛాయాచిత్రణతో సంబంధం లేని చోట దొరకడం ఈ చరిత్రలో ప్రత్యేకంగా గమనించదగిన విషయం. నెబ్రాస్కాలో పుట్టి, 1926లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చేరిన హెరాల్డ్ ఎడ్జర్టన్ పరిశీలిస్తున్నవి పెద్ద విద్యుత్ మోటార్లు. తిరిగే భాగం వేగానికి సరిగ్గా సరిపోయే లయలో దీపాన్ని వెలిగించి ఆర్పుతూ ఉంటే ఆ భాగం నిలిచిపోయినట్టు కనిపిస్తుంది; ఇలా లయబద్ధంగా మెరిసే దీపమే స్ట్రోబోస్కోప్, దాని పొట్టి పేరే స్ట్రోబ్. తర్వాతి కాలంలో ఒకే ఒక్క మెరుపునిచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌నూ అదే పేరుతో పిలవసాగారు. ఎడ్జర్టన్ సాధనంలో కెపాసిటర్ అనే భాగం విద్యుత్తును నెమ్మదిగా కూడబెట్టుకుని, వాయువు నింపిన గాజుగొట్టం గుండా ఒక్కసారిగా వదిలేది. గొట్టం చెడేది కాదు, వేలసార్లు పనిచేసేది. కెన్నెత్ జెర్మ్‌షౌసెన్, హెర్బర్ట్ గ్రియర్‌లతో కలిసి ఆయన ఈ పద్ధతిని మెరుగుపరిచాడు. పాలచుక్క కిరీటమై లేచిన 1936 నాటి చిత్రం ఆయన్ను ప్రసిద్ధుణ్ణి చేసింది. 1944లో నార్మండీ దాడికి ముందు శత్రు స్థావరాలను రాత్రివేళ విమానాల నుంచి చిత్రించడానికి ఆయన నిర్మించిన మహాదీపాలే ఉపయోగపడ్డాయి. ఆ విమాన దీపాల కెపాసిటర్ల బరువును బట్టి చూస్తే ఆనాటి స్ట్రోబ్ పేదవాడి సాధనం కాదని తెలుస్తుంది.

ఈ పరిమితి ఎంత బలమైనదో ఓ. విన్‌స్టన్ లింక్ చేసిన పని కన్నా బాగా చూపేది మరొకటి లేదు. అమెరికాలో ఆవిరి ఇంజన్లను చివరిదాకా నడిపిన పెద్ద రైలు సంస్థ నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్. దాని ఆవిరి ఇంజన్ల చివరి సంవత్సరాలను, 1955 నుంచి 1960 దాకా, లింక్ ఎక్కువగా రాత్రిపూటే చిత్రించాడు. ఎండలో మాసిపోయే ఆవిరి చీకటిలో తెల్లగా నిలబడుతుంది. పగటి సూర్యుణ్ణి తనకు నచ్చిన చోట పెట్టుకోలేడు గాని, రాత్రి దీపాలను ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోగలడు. అప్పటికి ఎలక్ట్రానిక్ ఫ్లాష్ బజారులో ఉన్నా, రైలుబాట పొడవునా వెలుగు పరిచే శక్తి మోసుకెళ్లదగిన పరికరానికి లేదు కనుక ఆయన బల్బులనే ఎంచుకున్నాడు. పశ్చిమ వర్జీనియాలోని ఈగర్ పట్టణంలో 1956లో తీసిన చిత్రంలో ఆరుబయట సినిమా చూస్తున్న కార్ల వెనకనుంచి రైలు దూసుకుపోతుంది. దానికి 43 బల్బులు వాడాడు. బల్బులన్నీ ఒకే వలయంలో వరుసగా కలిపినవి. ఒక్కటి పనిచేయకపోతే ఏదీ వెలగదు, వెళ్లిన రైలు తిరిగి రాదు. ఫ్లాష్ వెలుగుకు తెర మీది బొమ్మ వెలిసిపోవడంతో, తెరపై కనిపించే విమానాన్ని తర్వాత చీకటిగదిలో చేర్చారన్నది నిజమే అయినా, దానివల్ల ఆ శ్రమ విలువ ఇసుమంతైనా తగ్గదు.

వెల తగ్గించిన మలుపు 1970లలో వచ్చింది. అంతకు ముందరి ఆటోమేటిక్ ఫ్లాష్‌లు చాలినంత వెలుగు పడగానే మిగిలిన విద్యుత్తును వృథాగా పోగొట్టేవి. థైరిస్టర్ అనే అర్ధవాహక మీట వచ్చాక ప్రవాహాన్ని మధ్యలోనే తెంచి, మిగిలినదాన్ని కెపాసిటర్‌లోనే ఉంచడం సాధ్యమైంది. 1970ల మధ్యకాలంలో ప్రచారంలోకి వచ్చి లక్షల సంఖ్యలో అమ్ముడైన వివిటార్ 283 ఈ తరానికి ప్రతినిధి. బ్యాటరీలు ఆదా అయ్యాయన్నదే అందరూ మెచ్చుకున్న గుణం గాని, కదలికను చిత్రించేవారికి అంతకంటే గొప్ప మేలు మరొకటి జరిగింది: ప్రవాహాన్ని తొందరగా తెంచితే మెరుపు కూడా పొట్టిదవుతుంది. పూర్తి శక్తితో సుమారు సెకనులో వెయ్యో వంతు నిలిచే వెలుగు, శక్తి తగ్గించినకొద్దీ పదివేలో వంతుకూ అంతకన్నా తక్కువకూ దిగుతుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో పరుగెత్తే క్రీడాకారుడు కెమెరా షట్టర్ తెరిచి ఉండే 200వ వంతు సెకనులో 5 సెంటీమీటర్లు కదులుతాడు. పదివేలో వంతులో ఒక్క మిల్లీమీటరు. చుట్టూ నిజమైన చీకటి ఉంటే ఆ మిల్లీమీటరే చిత్రంలో పడుతుంది. మైదానంలో దీపస్తంభాలుంటే మాత్రం వాటి వెలుగు రెండో నీడలాంటి మసకను మిగుల్చుతుంది.

తక్కువ ధరకు స్ట్రోబ్ ఎంచుకునేవారు తరచు పొరబడేది ఇక్కడే. స్టూడియోలకోసం చేసిన పెద్ద దీపాల్లో చాలావరకు కెపాసిటర్ వోల్టేజీని తగ్గించి శక్తిని తగ్గిస్తాయి. వాటిలో శక్తి తగ్గినకొద్దీ మెరుపు నిడివి తగ్గడానికి బదులు తరచు పెరుగుతుంది. కనుక చౌకగా దొరికిన పెద్ద దీపం చిన్న ఫ్లాష్‌కంటే వెలుగైనదే కావచ్చు గాని, ఎగిరే బంతిని మసకబార్చవచ్చు. తయారీదారులు మెరుపు నిడివిని రెండు కొలతల్లో చెబుతారు: వెలుగు గరిష్ఠంలో సగానికి మించి ఉన్న కాలం ఒకటి, పదో వంతుకు మించి ఉన్న కాలం మరొకటి. మొదటి అంకె చూడముచ్చటగా ఉంటుంది. కదలికను నిలిపే సామర్థ్యాన్ని నిజాయితీగా చెప్పేది రెండోదే. పాత ఫ్లాష్ కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం: తొలినాటి కొన్ని యూనిట్లు కెమెరాను తాకే బిందువు దగ్గర 200 వోల్టులకు పైగా చూపేవి, అది డిజిటల్ కెమెరా లోపలి వలయాన్ని పాడుచేయగలదు.

2010 ప్రాంతం నుంచి యోంగ్‌నువో, గోడాక్స్ వంటి చైనా సంస్థలు శక్తిని చేతితో సర్దుకునే సాదా ఫ్లాష్‌లను, తర్వాత రేడియో సంకేతంతో దూరంనుంచి పేల్చేవాటిని, లిథియం బ్యాటరీతో నడిచేవాటిని పెద్ద కెమెరా సంస్థల ధరలో కొద్ది భాగానికే అమ్మసాగాయి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందన్న నియమం మాత్రం వీటికీ తప్పలేదు. పెద్ద మైదానానికి ఒక్క చిన్న దీపం నేటికీ చాలదు. దాన్ని పూర్తి శక్తికి తీసుకువెళ్తే వెలుగు దక్కుతుంది గాని క్షణం చేజారుతుంది. ఎనిమిదో వంతు శక్తితో వెలిగే ఎనిమిది చిన్న ఫ్లాష్‌లను ఒకచోట కట్టి ఒకేసారి పేల్చితే మొత్తం వెలుగు ఒక పూర్తి మెరుపుతో సమానమవుతుంది, నిడివి మాత్రం ఎనిమిదో వంతు అమరికకు తగినంత పొట్టిగానే ఉంటుంది. ఒకటి విఫలమైనా మిగిలినవి వెలుగుతాయి. ఇలాంటి గుంపును సమకూర్చుకోవడం ఇప్పుడు ఒక సాధారణ ఛాయాగ్రాహకుడికీ సాధ్యమే.