హఫీజ్‌పేట్ బస్తీలో ఇంటి వంటకు అసలు ఎంతవుతుంది?

బయటి తిండి మానేసి ఇంట్లో వండుకుంటే చవక, ఆరోగ్యం కూడా. పేదలకు ఈ సలహా ఇవ్వని వాళ్లుండరు. అందులో లెక్కకు వచ్చేది కూరగాయల ధర ఒక్కటే. హైటెక్ సిటీ పక్కనే ఉన్న హఫీజ్‌పేట్ బస్తీల్లో ఇంటిపని, కూలిపని చేసుకునే దళిత కుటుంబాల వైపు నుంచి చూస్తే మిగతా ఖర్చు కనిపిస్తుంది. నిజానికి మేమూ మొదట ధరలే రాసుకున్నాం.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం, 2,000 కిలో కేలరీల తిండి తినే మనిషికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400 గ్రాములు కావాలి. పాలు, పండ్లు అదనం. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు ధాన్యం 30 కిలోలు, పప్పు 10 కిలోలు, కూరగాయలు 48 కిలోలు. తెలంగాణలో రేషన్ కార్డుపై మనిషికి 6 కిలోల చొప్పున ఈ ఇంటికి వచ్చేది 24 కిలోల బియ్యం. మిగతావన్నీ కొనాల్సిందే. కార్డు లేకపోతే బియ్యం కూడా.

ఆ కూరగాయలు రోజుకు కిలోన్నర పైనే. ఫ్రిజ్ లేని ఒంటిగదిలో నిల్వ ఉండవు, రోజూ తేవాలి. కూకట్‌పల్లి రైతుబజారుకు పోదామంటే 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు గానీ, పోయి రావడానికి పట్టే సమయం తగ్గలేదు. అందుకే బండి దగ్గర పావుకిలో లెక్కన కొంటారు. కిరాణా కొట్టులో ఖాతా ఉంటే ఆ కొట్టు చెప్పిందే ధర.

ఇక గ్యాస్. 2024 ఫిబ్రవరిలో మొదలైన 500 రూపాయల సిలిండర్ పథకంలో ముందు పూర్తి ధర కట్టాలి, తేడా తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఆ ధర 905 రూపాయలు. కూలి డబ్బు చేతికొచ్చే రోజున సిలిండర్ అయిపోదు కదా. కనెక్షన్ లేని వాళ్లు కొనే 5 కిలోల చిన్న సిలిండర్‌కు సబ్సిడీయే లేదు. రేషన్‌లో పప్పు, నూనె ఇవ్వాలని ఆహార హక్కు ఉద్యమం చాలా ఏళ్లుగా అడుగుతున్నది. ఇచ్చినా ఉడికించాలి. గట్టిదనం ఉన్న బోరు నీళ్లలో పప్పు తొందరగా ఉడకదు. గ్యాస్ ఎక్కువ కాలుతుంది, లేదంటే క్యాన్ నీళ్లు కొనాలి.

ఆహార, వ్యవసాయ సంస్థ దేశాలవారీగా కట్టే 'ఆరోగ్యకర ఆహారం ఖర్చు'లో ఈ ఇంధనం లేదు, వండే సమయం కూడా లేదు. 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. పొద్దున్నే అపార్ట్‌మెంట్లలో వేరేవాళ్ల కూరగాయలు తరిగే మనిషికి ఆ నిమిషాలు నిద్రలోంచి రావాలి, లేదా ఒక ఇంటి పని వదులుకోవాలి.

వీటన్నింటికీ పైన కులం ఉంది. పెద్దకూర, బోటి మన ఇళ్లలో తరాలుగా ఉన్న చవకైన ప్రొటీన్. వాటిని వండాలంటే ముందు ఇంటి ఓనర్ ఒప్పుకోవాలి. సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో కిరాయి ఇళ్లపై చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, దళితులకు ఇల్లు నిరాకరించడమే కాదు, ఇచ్చినచోట అన్యాయమైన షరతులు పెట్టడమూ కనిపించింది. 2012లో ఉస్మానియా విద్యార్థులు పెద్దకూర పండుగతో బహిరంగంగా అడిగిన హక్కు, కిరాయి గదిలో నెలవారీ ఖర్చుగా మారుతుంది. ఓనర్ వద్దంటే అంతకంటే ఖరీదైన మాంసం కొనాలి, లేదా ఇంకో గదికి ఎక్కువ కిరాయి కట్టాలి. రెండూ కుదరని వాళ్లు కిటికీలు మూసి, పొయ్యి పొగలోనే వండుకుంటారు.