మాటను మోయు తీగె

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలలో మైకు లేని జాతర గాని, హరికథ గాని, రైతుసభ గాని నేడు అరుదు. అయినను మైకు ఉన్నంతమాత్రమున మాట తెలియునని చెప్పజాలము. ఒక్కొక్క చోట శబ్దము ఊరెల్ల మ్రోగును గాని వక్త పలికినది సాగునీరో, తాగునీరో బోధపడదు. ఈ లోపము బలము చాలక కలుగునది కాదు, పొందిక చాలక కలుగునది. ఈ సత్యము లోకమునకు తెలిసివచ్చిన తీరును, అది మన గ్రామములకు ఉపయోగపడు విధమును నేడు మనవి చేయుదును.

బాపట్లయందు 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారి తొలినాళ్లలో నటుడు తన గొంతుకతోనే కడపటి వరుసవానికి పద్యము వినిపింపవలసియుండెను. పొన్నెకల్లున 1920లో పుట్టిన నాజరుగారు బుఱ్ఱకథను వేలకొలది జనుల నడుమకు గొనివచ్చిరి. సభ పెరిగినకొలది యంత్రసహాయము ఆవశ్యకమయ్యెను.

ఆ యంత్రమునకు మూలకథ సముద్రగర్భమున ఉన్నది. 1858 ఆగస్టులో ఐర్లండునుండి న్యూఫౌండ్లండు వఱకు అట్లాంటికు మహాసముద్రము అడుగున తంతితీగె పఱచిరి. అవతలి గట్టున సంకేతములు మిక్కిలి దుర్బలముగా నుండుటచే, వైట్‌హౌస్ అను అధికారి సుమారు 2,000 వోల్టుల విద్యుత్తును తీగెలోనికి పంపెను. ముందే లోపములున్న ఆ తీగె కొలది వారములలోనే మూగవోయెను. విలియం థామ్సన్ పండితుని మార్గము వేఱు. పొడవైన తీగె విద్యుత్తును కుండవలె తనలో నింపుకొని మెల్లగా విడుచును, అందువలన సంకేతములు ఒకదానితో నొకటి కలిసిపోవునని అతడు 1850ల నడుమనే గణించి చూపెను. స్వల్పమైన విద్యుత్తును పంపి, అవతల మిక్కిలి సున్నితమైన అద్దపు యంత్రముతో గ్రహింపవలెనని అతని మతము. 1866లో వేసిన తీగె నిలిచినది.

పిమ్మట 1876లో టెలిఫోను వచ్చెను. తీగెలు, యంత్రములు విద్యుత్ప్రవాహమునకు కల్పించు అడ్డంకికి ఆలివర్ హెవిసైడ్ 1886లో ఇంపెడెన్సు అని పేరిడెను. దానిని ఓములలో కొలుతురు. 1906లో లీ డి ఫారెస్టు కనిపెట్టిన మూడు ధ్రువముల వాల్వు మెఱుగుపడి, సన్నని సంకేతమును పెంచునదయ్యెను. దాని సాయముననే 1915 జనవరిలో న్యూయార్కునుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు మాట నడచినది. ఆ వాల్వుల విద్యయే 1924లో మద్రాసు రేడియో క్లబ్బుగను, 1938లో మద్రాసు ఆకాశవాణి కేంద్రముగను, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రముగను మన చెవులకు చేరెను.

ఇక ఇంటియందు మైకు పెట్టె కూర్చువారి విషయము. మైకునుండి వచ్చునది వోల్టులో వేయవవంతుల కొలది సంకేతము. దానిని మొదట పెంచునది ప్రీఆంప్లిఫయరు. కొమ్ములను మ్రోగించు శక్తి నిచ్చునది పవరు ఆంప్లిఫయరు. ఈ రెంటి నడుమ తీగె కలదు. మొదటి పెట్టె వెలువాకిటి అడ్డంకి లక్ష ఓములు, రెండవదాని లోవాకిటి అడ్డంకి పదివేల ఓములు అనుకొందము. అప్పుడు సంకేతమున పదునొకండవ వంతు మాత్రమే లోనికి చేరును. ఇచ్చునది వేయి ఓములై పుచ్చుకొనునది పదివేలైనచో, పదునొకండింట పది పాళ్లు చేరును. కనుక పుచ్చుకొనువాని అడ్డంకి ఇచ్చువానికంటె పదిరెట్లైనను ఉండవలెననుట ఈ విద్యలో పెద్దల సూత్రము.

రెండవ పెట్టెలో పదిలక్షల ఓములున్నను గండము తొలగదు. థామ్సన్ చెప్పిన కుండగుణము చిన్న తీగెకును కలదు. ముప్పదిమూడు అడుగుల కవచపు తీగె గలచోట, ఇచ్చువాడు లక్ష ఓములవాడైనచో, సెకనుకు సుమారు 1,600 కంపనములకు మించిన ధ్వనులు క్రమముగా క్షీణించును. 4,800 కంపనముల ధ్వని మూడవవంతునకు పడిపోవును. అచ్చుల బలము క్రింది కంపనములలో నుండుటచే అవి నిలుచును. శ, ష, సల ఊపిరి పై కంపనములలో నుండుటచే అది అణగిపోవును. సాగునీరు తాగునీరుగా తోచుట ఇందువలననే. మొదటి పెట్టె చివర మఱియొక వాల్వునో, ట్రాన్సిస్టరునో చేర్చి అడ్డంకిని వేయి ఓములకు దింపినచో ఈ క్షయము మనుష్యుని చెవికి అందని ఎత్తునకు తొలగిపోవును. ఆ కడపటి భాగము సంకేతమును పెంచదు, తీగెను మోయు సత్తువను మాత్రమే ఇచ్చును.

కొమ్ముల వైపునను ఇట్టి పొందికయే కావలెను. నూఱు వాట్లను ఎనిమిది ఓముల కొమ్మునకు నేరుగా పంపినచో మూడున్నర ఆంపియర్లు ప్రవహించును. దారిలోని తీగె అడ్డంకి రెండు ఓములైనను, పాతిక వాట్లు వేడియై పోవును. ట్రాన్సుఫార్మరుతో నూఱు వోల్టులకు హెచ్చించి పంపి, కొమ్ము వద్ద మరల తగ్గించినచో ప్రవాహము ఒక్క ఆంపియరే. నష్టము రెండు వాట్లు మాత్రమే.

కావున గ్రామపెద్దలు తిరునాళ్లకు ముందురోజున పెట్టె ఎన్ని వాట్లదని మాత్రమే అడిగి ఊరకుండరాదు. అన్నిటికంటె దూరపు కొమ్ము క్రింద ఒక ముసలివానిని నిలిపి, మైకు వద్ద సాగునీరు, తాగునీరు అను మాటలను మార్చి మార్చి పలికించవలెను. అతనికి భేదము తెలియనిచో మ్రోత పెంచుట మాని, తీగెను, పెట్టెల పొందికను చూడుడని మైకువానికి చెప్పవలెను.