మూడు నెలల సరుకులు

ఒకటో తారీఖు దగ్గర పడుతోందంటే సరుకుల చీటీ రాయడం మనందరికీ అలవాటే. కందిపప్పు ఇంత, చింతపండు ఇంత, కాఫీపొడి ఇంత అని రాసుకుని, చివర్న మొత్తం చూసేసరికి గుండె గుభేలుమని, రెండు మూడు కొట్టేస్తాం. ఒక్క నెలకే ఇంత హైరానా పడే మనల్ని, ఇంట్లో మూడు నెలల సరుకులున్న వాళ్ళే ఊళ్ళో ఉండండి, లేనివాళ్ళు వెళ్ళిపోండి అంటే ఏం చేస్తాం? 1914లో ఒక ఊరి ఆడవాళ్ళకి అచ్చంగా ఇదే పరిస్థితి ఎదురైంది.

ఆ ఊరి పేరు ప్షెమిషిల్. నోరు తిరగడం కష్టమే లెండి. ఇవాళ పోలండులో, ఉక్రెయిన్ సరిహద్దుకి దగ్గర్లో ఉంది. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యానిది. సాన్ నది ఒడ్డున యాభై వేల పైచిలుకు జనం. పోలిష్ వాళ్ళూ, యూదులూ, ఉక్రేనియన్లూ కలిసి బతికేవారు. రష్యా దండెత్తి వస్తే అడ్డుకోవడానికని ఊరి చుట్టూ దాదాపు 45 కిలోమీటర్ల వలయంగా కోటలు కట్టుకున్నారు.

జూలై 28న యుద్ధం మొదలైంది. ఆగస్టు 6న ఆస్ట్రియా రష్యా మీద కూడా యుద్ధం ప్రకటించింది. కోతల కాలం. శత్రువు నక్కడానికి చాటు ఉండకూడదని కోటల ముందున్న చెట్లన్నీ నరికించారు. ఇరవైకి పైగా పల్లెల్ని నేలమట్టం చేశారు. ఆ పని చేసింది శత్రువు కాదు, కాపాడవలసిన సొంత సైన్యమే!

సెప్టెంబరు 3న లెంబర్గ్ నగరం, అంటే ఇవాళ్టి ల్వీవ్, రష్యా వశమైంది. ఓడిన సైన్యం, గాయపడ్డవాళ్ళు, మూటాముల్లె సర్దుకున్న కాందిశీకులు వరదలా పడమటికి సాగారు. అప్పుడే మూడు నెలల సరుకుల ఆజ్ఞ వచ్చింది. రోజు కూలితో పొయ్యి వెలిగించుకునే ఇల్లాలు మూడు నెలల గింజలు ఎక్కణ్ణుంచి తెస్తుంది? పిల్లల్ని చంకనెత్తుకుని రైలు స్టేషన్‌కి నడవడం తప్ప దారి లేదు.

ఇంతకన్నా ఘోరం మరొకటి జరిగింది. ఓడిపోయినవాడికి ఎవరో ఒక ద్రోహి కావాలి కదా! ఉక్రేనియన్లంతా రష్యా పక్షమేనన్న అనుమానం పాకింది. సెప్టెంబరు 15న కాపలా మధ్య వీధిలో నడిపించుకెళుతున్న ఖైదీల మీద హంగరీ సైనికులు కత్తులతో పడ్డారు. ఊరివాళ్ళు కొందరు చేయి కలిపారు. నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఒక మతాచార్యుడి కూతురు, పదిహేడేళ్ళ పిల్ల ఉంది. అప్పటికింకా రష్యా ఫిరంగి ఒక్కటీ ఆ ఊరి మీద పేలలేదు.

ఆ తరవాత ముట్టడి. అక్టోబరులో సొంత సైన్యం వచ్చి విడిపించింది. బతికాం అనుకున్నారు. కానీ వచ్చిన చుట్టాలు కొట్లో దాచిన గింజలు తినేసి వెళ్ళినట్టు, ఆ సైన్యం కోట నిల్వల్లోంచే తిని వెనక్కి తగ్గింది. నవంబరులో మళ్ళీ ముట్టడి. ఈసారి నాలుగు నెలలు దాటింది. గుర్రాల్ని కోసుకు తిన్నారు. 1915 మార్చి 22న కోట లొంగిపోయింది.

హెలెనా యబ్లోన్‌స్కా అనే పోలిష్ ఆవిడ ఆ రోజులన్నీ డైరీలో రాసుకుంది. ఆకలీ, భయమూ అన్నీ ఉన్నాయి. యూదుల మీద ఆవిడకున్న చిన్నచూపూ అందులో దాగలేదు. చదివితే కోపం వస్తుంది, జాలీ వేస్తుంది. కష్టం మనుషుల్ని దగ్గర చేస్తుందని మనం కథల్లో రాస్తూంటాం. అన్నిసార్లూ కాదేమో!

చరిత్ర పుస్తకాల్లో కోటకి ఎన్ని ఫిరంగులో లెక్క ఉంటుంది. ఊరొదిలి వెళ్ళిన ఆ తల్లి, తలుపు తాళం వేసి, చెవి ఎవరి చేతిలో పెట్టి ఉంటుంది? నమ్మి ఇవ్వడానికి పక్కింటివాళ్ళు మిగిలారో లేదో! సరుకుల చీటీ రాస్తున్నప్పుడల్లా నాకీ మధ్య ఆ సంగతే గుర్తొస్తోంది.